ఒరిగిన భుజం

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు రంగులు నూరే దాలినాయుడు. జరిగినప్పుడు అతను అక్కడే ఉన్నాడు, కళ్ళారా చూశాడు. తర్వాత ఇంకా చాలామంది చెప్పారు. వాళ్ళెవరూ అక్కడ లేరు. అందుకని దాలినాయుడు చెప్పినట్టే చెబుతాను.

విజయనగరంలో లక్కోజు కూర్మాచారి అని బొమ్మలేసే ఆయన ఉండేవాడు. నాటకాల తెరలు, సినిమా బోర్డులు, పాటల రికార్డుల అట్టలు, ఏదైనా సరే ఆయన చెయ్యి పడాల్సిందే. భార్య పోయాక బొమ్మల కొట్టే ఆయనకి ఇల్లయింది. మాట తగ్గిపోయింది.

ఆయన శిష్యుడు అప్పలకొండ. చెయ్యి మంచిది. ఆ కొట్లో ఒక కట్టడి ఉండేది: గురువు తన చేత్తో కుంచె అందిస్తే తప్ప శిష్యుడు బొమ్మ కింద పేరు రాసుకోకూడదు. అప్పలకొండకి మీసం నెరవడం మొదలైంది గాని కుంచె అందలేదు.

ఆ ఏడు మద్రాసు నుంచి రికార్డు కంపెనీ వాళ్ళు వచ్చి, ఎడబాటు పాటల రికార్డుకి అట్ట మీద బొమ్మ కావాలన్నారు. గురువు ఆ పని అప్పలకొండకి వదిలేశాడు. అతను తలుపేసుకుని వేశాడు. సముద్రం ఒడ్డు. ఇసకలో ఒక్క ఆడమనిషి, వీపు ఇటు పెట్టి, భుజం కాస్త ఒరిగి, నీళ్ళకేసి చూస్తూ.

కంపెనీ మనిషి మర్నాడు వస్తాడనగా బొమ్మ తెచ్చి గురువు ముందు నిలబెట్టాడు. దాలినాయుడికి అత్తారింట్లో ఉన్న చెల్లెలు గుర్తొచ్చిందట.

"ఎక్కణ్ణించి తెచ్చావురా?" అన్నాడు గురువు.

"తేవడమేటండి? నా బుర్రలోంచే."

గురువు తల అటు వాల్చి చూశాడు, ఇటు వాల్చి చూశాడు. "బాగుంది," అన్నాడు.

ఆ మాట ఆయన నోట రావడమే గొప్ప. అప్పలకొండ చూపు కుంచెల డబ్బా మీదికి పోయింది.

"ఇలా రా," అని గురువు పెరట్లోకి నడిచాడు.

పెరట్లో గోడ పూతకి తోలించిన ఇసక కుప్ప ఉంది. గురువు వెళ్ళి దాని మీద కూర్చున్నాడు.

"కూచో. నా భుజానికి ఆనుకో."

"ఏటండి గురువుగారూ, నానేటి చంటిపిల్లాణ్ణా?"

"ఆనుకోరా అంటే."

సిగ్గుపడుతూనే ఆనుకున్నాడు. మొదట బిగుసుకుని ఉన్నాడు. గురువు కదల్లేదు. ఎండ గోడ దిగింది. మెల్లిగా అప్పలకొండ ఒళ్ళు వదులై, బరువంతా ఆ భుజం మీద పడింది. ఆ ముసలి భుజం ఇంకో మనిషి బరువు మోసి ఎన్నాళ్ళయిందో, సన్నగా వణికింది. అప్పలకొండకి అది తెలిసింది.

అంతలో గురువు చెప్పాపెట్టకుండా లేచిపోయాడు. అప్పలకొండ పక్కకి తూలి కుప్ప కిందికి జారాడు. గుమ్మంలోంచి చూస్తున్న దాలినాయుడు పకపకా నవ్వాడు.

"పడ్డావేం?" అన్నాడు గురువు.

"తమరు లేచిపోతే పడనా అండి?"

"మరి నీ బొమ్మలో ఆవిడ పడలేదే."

దాలినాయుడి నవ్వు ఆగిపోయింది. అప్పలకొండ మొహాన నెత్తురు చుక్క లేదు.

"ఫోటోలు తీసే యూసఫ్ సాయిబు గారి స్టూడియో ముందు అద్దంలో పెట్టిన ఫోటో చూసి వేశానండి," అన్నాడు చివరికి. "ఆయన తీసిందే. ఆవిడ పక్కన తలపాగా మనిషొకడున్నాడు. ఒక్కర్తే అయితే బాగుంటుందని అతన్ని తీసేశాను."

"ఎవరతను?"

"తెలీదండి."

గురువు పంచె దులుపుకుని లోపలికి పోయాడు.

అప్పలకొండ ఎక్కడివాడక్కడే ఉన్నాడు. గురువు కూర్చున్న చోట ఇసకలో గుంట పడి ఉంది. దాంట్లో చెయ్యి పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. చల్లారేదాకా చెయ్యి తియ్యలేదు.

మర్నాడు పొద్దున్నే, కంపెనీ మనిషి రాకముందే, గురువు బొమ్మ దగ్గరికి వచ్చాడు. ఆడమనిషి అలాగే ఉంది. భుజం అలాగే ఒరిగి ఉంది. ఆ పక్కన ఇసకలో మాత్రం కొత్తగా వేసిన ఒక గుంట, ఒక మనిషి కూర్చుని లేచిపోయినంత.

గురువు చాలాసేపు చూశాడు. డబ్బాలోంచి సన్న కుంచె తీసి, తెల్లరంగులో ముంచి, అందించాడు.

అప్పలకొండ రెండు చేతులా పుచ్చుకున్నాడు. ముందు యూసఫ్ సాయిబు పేరు రాశాడు. దాని కింద తన పేరు.

"చోటు చాలిందా?" అన్నాడు గురువు.

"చాలిందండి."

మద్రాసులో అట్ట అచ్చేసినప్పుడు కింది అంచు కత్తిరించేశారు. రెండు పేర్లూ పోయాయి. ఇప్పుడు అది కూర్మాచారి బొమ్మని కొందరంటారు. తన తండ్రే వేశాడని ఊళ్ళో ఇంకో బోర్డుల కొట్టువాడు చెప్పుకు తిరుగుతున్నాడు. ఆ గుంట ఎక్కణ్ణించి వచ్చిందో అతన్ని చెప్పమనండి, చూద్దాం.

ఆ రికార్డు మీలో ఎవరింట్లోనైనా ఉంటే, అట్ట కింద ఆ రెండు పేర్లూ రాసిపెట్టండి. సాయిబు పేరు ముందు.