చుక్కలపెట్ట గంప

“గవరమ్మా, ఒసే గవరమ్మా, గంప మీద రాయి పెట్టావా?”

అనగనగా ఒక ఊళ్ళో, పొద్దు వాలుతుంటే, అచ్చియ్యమ్మ తన కొత్త కోడల్ని అలా కేకేసింది. “ఆ, పెట్టానత్తా” అంది గవరమ్మ పెరట్లోంచి. పెట్టలేదు తల్లీ. ఎందుకు పెట్టలేదో చెబుతా, ఇటు జరిగి పడుకో.

ఆ ఇంట్లో ఒక చుక్కలపెట్ట ఉండేది. దాని వెనకాల దూది ఉండల్లాంటి పిల్లలు. వాటిని కాయడం, పొద్దు వాలగానే పెట్టతో సహా గంప కింద మూయడం గవరమ్మ పని. ముందు గద్ద వచ్చింది. వాళ్ళ కుక్క భైరిగాడు మొరిగి మొరిగి తరిమేశాడు. అప్పుడు అత్త, గద్ద పోల్చుకోకుండా పిల్లలన్నిటికీ గులాబీ రంగు పూసింది. ఆ తర్వాత ముంగిస వచ్చింది. దాన్నీ భైరిగాడే తరిమాడు. అప్పుడు అత్త దడి కంతలో తుమ్మకంప కుక్కింది.

“ఇంక మిగిలింది బావురుపిల్లి. సందె వేళ వస్తుందది. గంప మీద రాయి మటుకు మర్చిపోకే” అంది.

గవరమ్మ మర్చిపోలేదు. రాయి ఎత్తింది కూడా. అంతలో గంప సందులోంచి పెట్ట కన్ను మిలమిలా మెరిసింది. మొదటి చుక్క పొడిచేదాకా ఇదీ ఆకాశం చూడొద్దా పాపం, అనుకుంది ఆ పిల్ల. గంప అంచు కింద చితుకుపుల్ల ఆనించి, మల్లెపందిరి కింద కూచుని తనూ చుక్క కోసం చూస్తోంది.

అప్పుడొచ్చింది బావురుపిల్లి. గంప దొర్లింది. పెట్ట కెవ్వుమంది. భైరిగాడు ఒక్క దూకులో వచ్చి పడ్డాడు. పిల్లి వాడి ముక్కు గీరేసి, దడి దూకి పోయింది. పెట్ట బతికింది కానీ తోక ఈకలన్నీ రాలిపోయాయి. పిల్లలు రోలు చాటున నక్కాయి.

అత్త దీపం పట్టుకొచ్చేసరికి పిల్లి లేదు. ఈకల మధ్య భైరిగాడు, మూతికి నెత్తురు. గవరమ్మ పుల్లని గబుక్కున కొంగున ముడేసుకుంది.

“కోడి రుచి మరిగాడు వీడు. ఇంక ఇంట్లో ఉంచకూడదు. పొద్దున్నే మేకల పోలయ్యకి ఇచ్చేస్తా, కొండ మీది మందకి తోలుకుపోతాడు” అంది అత్త.

గవరమ్మ నోరు తెరిచింది. మీ అమ్మ నేర్పింది ఇదేనా అంటుందేమోనని మూసేసింది. అన్నాల దగ్గర మళ్ళీ తెరిచింది, ముద్ద పెట్టుకుంది.

తెల్లారింది. పోలయ్య వచ్చి మెడకి తాడేశాడు. భైరిగాడు మొరగలేదు. గవరమ్మ దగ్గరికొచ్చి, గీరుకుపోయిన ముక్కుని ఆమె పాదం మీద ఆనించాడు.

అప్పుడు గవరమ్మ కొంగు ముడి విప్పింది. పుల్ల తీసి అత్త చేతిలో పెట్టింది.

“వాడు కాదత్తా. బావురుపిల్లి వచ్చింది, వాడే తరిమాడు. రాయి పెట్టానని అబద్ధమాడాను. పెట్ట చుక్కల్ని చూస్తుందని గంప ఎత్తింది నేనే.”

అత్త పుల్లని చూసింది, భైరిగాడి ముక్కు చూసింది, వాడి మెడ తాడు తనే విప్పేసింది.

పిల్లలన్నీ పెట్ట కిందికి,
పెట్టేమో గంప కిందికి,
భైరిగాడు అరుగు మీదికి,
కథేమో కంచి దారికి,
నువ్వేమో నిద్ర ఒడికి.