ఏ అలుగుని అడిగావు?

అనగనగా ఒక అడవిలో ఒక అలుగు ఉండేది.

ఏ అలుగు అని అడగరేం? మన భాషలో ఆ మాటకు ఒక్క అర్థం కాదర్రా. బాణం చివర ఉండే ఇనుప మొనని అలుగు అంటాం. ఒళ్ళంతా పొలుసులు కప్పుకుని చీమల్ని తిని బతికే జంతువునీ అలుగే అంటాం. దాని పొలుసు ఒక్కొక్కటీ బాణం మొనలాగే ఉంటుంది మరి. ఇక కోరింది పెట్టలేదని మీరు మూతి ముడుచుకుని గోడవైపు తిరిగి కూర్చుంటారే, అదీ అలగడమే. ఈ మూడూ ఈ కథలో ఉన్నాయి. కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని వినండి.

ఆ అడవి అంచున ఒక గూడెం ఉండేది. అందులో గంగులు అనే వేటగాడు, వాళ్ళమ్మ సింగమ్మ, వాళ్ళ కుక్క చుక్క ఉండేవాళ్ళు. నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది కాబట్టి దానికా పేరు. అప్పట్లో మనుషులూ జంతువులూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. చుక్క అయితే మరీ వాగుడుకాయ.

గూడేనికీ దుప్పుల మందకూ తాతల నాటి ఒప్పందం ఒకటి ఉండేది. ఎండాకాలం అడవికి నిప్పంటుకుంటే గూడెంవాళ్ళు పరుగున వెళ్ళి ఆర్పాలి. దుప్పులు నాకడానికి ఉప్పుమట్టి తెచ్చి పొయ్యాలి. అందుకు బదులుగా ఏడాదికోసారి, పళ్ళరిగి మేత నమలలేని ముసలి దుప్పి ఒకటి తనంతట తానే వచ్చి వాగు పక్క బండ దగ్గర నిలబడుతుంది. వేటగాడు ఒకే ఒక్క బాణం వెయ్యాలి. నొప్పి తెలిసేలోపే ప్రాణం పోవాలి. ఆ ఒప్పందంలో అన్నిటికంటే పెద్ద మాట అదే.

అందుకే ఆ గూడెంలో బాణానికి అలుగు ఎంచడం ఆషామాషీ పని కాదు. వేటగాడు తన దగ్గరున్న అలుగులు తీసి చేటలో పెడతాడు. కుక్క వాటిలో ఒకదాన్ని నోట కరుచుకుని చీమలపుట్ట దగ్గరికి వెళ్ళాలి. అక్కడ ఉండే అలుగుకి చూపించాలి. ఒంటి నిండా అలుగులు మోసే జంతువు కదా, దానికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ అలుగు మూడే మూడు ప్రశ్నలు వేసేది. "పదునుందా? తిన్నగా పోతుందా? మీవాడి విల్లుకి సరిపోతుందా?" ఇనుప అలుగుని తన పొలుసు మీద గీరి చూసేది. సన్నటి తెల్ల గీత పడితే పదునున్నట్టు. మూడింటికీ మంచి జవాబు దొరికితేనే ఆ అలుగు బాణమెక్కేది. వేటకు వెళ్ళేవాళ్ళు ఎవరు ఎదురైనా గూడెంలో అడిగే మాట ఒకటే. "అలుగుని అడిగావా?"

చుక్కకి ఆ చీమలపుట్ట దగ్గరికి వెళ్ళడమంటే మహా చిరాకు. అలుగత్త నోరు మంచిది కాదు. అవును, చుక్క దాన్ని అలుగత్తా అనే పిలిచేది. ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. చీటికీ మాటికీ అలిగేది. ఆమధ్య ఒకసారి తుప్పు పట్టిన అలుగు పట్టుకెళితే, "నీ ముక్కు కూటికుండ దగ్గర తప్ప ఇంకెక్కడా పనిచెయ్యదే!" అని పిట్టలన్నీ వినేలా తిట్టింది. చుక్కకి తల కొట్టేసినట్టయింది.

ఆ ఏడాది బండ దగ్గర నిలబడే వంతు కొమ్ములతాతకు వచ్చింది.

కొమ్ములతాత మందకంతటికీ పెద్ద దుప్పి. చుక్క చిన్న కూనగా ఉన్నప్పుడు వాగులో పడి కొట్టుకుపోతుంటే, తాత నీళ్ళలోకి తల వంచాడు. చుక్క ఆ కొమ్ములు పట్టుకుని ఒడ్డెక్కింది. అప్పట్నుంచి ఇద్దరికీ ప్రాణస్నేహం. ఇప్పుడు తాత పళ్ళు చిగుళ్ళ దాకా అరిగిపోయాయి. లేత గడ్డి కూడా నమలలేకపోతున్నాడు.

"చుక్కా," అన్నాడు తాత వాగు ఒడ్డున. "నాకు చావంటే భయం లేదే తల్లీ. బతకాల్సినంత బతికాను. నొప్పంటేనే భయం. మంచి అలుగు చూసి పెట్టు. ఆ ఒక్కటీ నీ పూచీ."

"నువ్వేం బెంగపెట్టుకోకు తాతా. నేనున్నాగా!" అంది చుక్క. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది పాపం.

వేటకు ముందురోజు సాయంత్రం గంగులు చేటలో మూడు అలుగులు పెట్టాడు.

మొదటిది వాళ్ళ నాన్న కొట్టించిన గన్నేరాకు అలుగు. గన్నేరాకులా సన్నగా, పొడుగ్గా, రెండు వైపులా పదునుగా ఉంటుంది. చూడ్డానికి మాత్రం నల్లగా, మసిబారి ఉంది. రెండోది ముళ్ళ అలుగు. దిగితే ఊడిరాదు. గురి తప్పితే జంతువు బతికినన్నాళ్ళూ దాన్ని ఒంట్లో మోసుకు తిరగాలి. అలుగత్త దాన్ని ఏనాడో వద్దంది.

మూడోది సంతలో కుండెడు తేనె ఇచ్చి తెచ్చిన రెక్కల అలుగు. అబ్బో, దాని తళుకే తళుకు! మామూలుగా రెక్కలు ముడుచుకుని ఉంటుంది. దేనికైనా తగిలిందా, రెక్కలు టక్కున విచ్చుకుని అరచేయంత వెడల్పవుతుంది. గంగులు దాన్ని అరటిబోదె మీద వేసి చూపిస్తే బోదె రెండు ముక్కలైంది. గూడెమంతా చప్పట్లు కొట్టింది. అరటిబోదెకు ఎముకలుండవన్న సంగతి ఆ సందడిలో ఎవరికీ తట్టలేదు.

"ఏదే చుక్కా, ఎంచు చూద్దాం," అన్నాడు గంగులు. అంటూనే అతని కళ్ళు రెక్కల అలుగు మీదికి పోయాయి.

చుక్క మూడూ వాసన చూసింది. తుప్పు పట్టకుండా ఉండాలని సంతవాడు రెక్కల అలుగుకి మేకకొవ్వు పూశాడు. కమ్మటి వాసన! చుక్కకి నోరూరింది. దాని మీదే కాలు పెట్టింది. గంగులు సంబరపడిపోయి చుక్కని దగ్గరికి లాక్కుని చెవుల వెనక గోకాడు. "నా బంగారు తల్లివే! నువ్వూ నేనూ ఒకటే మాట. పో, అలుగుని అడిగిరా."

చుక్క రెక్కల అలుగు నోట కరుచుకుని బయల్దేరింది. సగం దారిలో దానికి ఆలోచన మొదలైంది. 'అత్త ఏమంటుందో నాకు తెలియదా? కొవ్వు వాసనకి పడిపోయావంటుంది. వద్దంటుంది. గంగన్న మొహం చిన్నబోతుంది. ఇప్పుడే కదా బంగారు తల్లి అన్నాడు!'

అది ఇప్పచెట్టు కింద కూలబడింది. నోట్లోని అలుగుని నేల మీద పెట్టింది. దాని వంకే చూస్తూ, "ఏమే అలుగూ, నువ్వు మంచిదానివేనా?" అని అడిగింది. ఇనుప ముక్క ఏం చెబుతుంది? చుక్క దాని మీదున్న కొవ్వు కాసేపు నాకి, దాన్ని మళ్ళీ కరుచుకుని వెనక్కి వచ్చేసింది.

"అలుగుని అడిగావా?" అన్నాడు గంగులు.

"అడిగాను గంగన్నా."

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

చూశారా ఎంత తెలివో! అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. గంగులు నవ్వాడు. "ఆ గయ్యాళి తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే లెక్క," అంటూ అలుగుని బాణానికి బిగించాడు.

తెల్లవారింది. సింగమ్మ విల్లుకి పసుపు రాసి, చుక్క నుదుటి మీద బొట్టు పెట్టింది. "ఏమే, అలుగుని అడిగావా?" అంది.

"అడిగానవ్వా." ఈసారి చుక్క గొంతు కాస్త తగ్గింది.

వాగు దగ్గర మంచు ఇంకా విడలేదు. కొమ్ములతాత బండ పక్కన నిలబడి ఉన్నాడు. మంద అంతా దూరంగా మొహాలు తిప్పుకుని నిలబడింది. అది వాళ్ళ మర్యాద. తాత చుక్కని చూసి చిన్నగా తలూపాడు. "వచ్చావా తల్లీ. అలుగుని అడిగావా?"

చుక్కకి తప్పు ఒప్పుకోవడానికి అదే ఆఖరి అవకాశం. 'లేదు తాతా, ఆగు' అంటే చాలు. గంగులు తిడతాడు, గూడెం నవ్వుతుంది, అంతకంటే ఏమవుతుంది? కానీ మొదటిసారి చెప్పిన మాటే మళ్ళీ నోటికొచ్చింది.

"అడిగాను తాతా."

తాత నిశ్చింతగా కళ్ళు మూసుకున్నాడు.

గంగులు విల్లు లాగి వదిలాడు. గురి తప్పలేదు. బాణం పక్కటెముకల మీదే తగిలింది. రెక్కలు టక్కున విచ్చుకున్నాయి. అంతే, అక్కడే ఆగిపోయాయి. వెడల్పాటి రెక్కలు ఎముకకు అడ్డం పడ్డాయి. ప్రాణం ఉన్న చోటికి మొన చేరనేలేదు.

తాత అరిచాడు. ఆ బండ దగ్గర అలాంటి అరుపు అంతకుముందు ఎవరూ వినలేదు. మొహాలు తిప్పుకున్న మందంతా ఒక్కసారి ఇటు తిరిగింది. తాత బాణంతోనే పొదల్లోకి పడి పరుగెత్తాడు.

గంగులు విల్లు పట్టుకుని రాయిలా నిలబడిపోయాడు. "అలుగు ఏమీ అనలేదన్నావు కదే!" అన్నాడు. చుక్క నేల వాసన చూస్తూ పరుగు పెట్టింది. ఆకుల మీద నెత్తుటి చుక్కలు. రాళ్ళ మీద చుక్కలు. తన పేరే అడవంతా ఎర్రగా పడి ఉన్నట్టు తోచింది దానికి. గంగులూ వెంటే పరుగెత్తాడు. ఇద్దరూ వాగు దాటారు. గుట్ట ఎక్కారు. మళ్ళీ దిగారు. ఎక్కడ చూసినా తాత కూలబడి, లేచి వెళ్ళిన గుర్తులే.

పొద్దు వాలుతుండగా వెదురుపొదలో తాత కనిపించాడు. పడుకుని ఉన్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా బాణం కదులుతోంది. పక్కనే అలుగత్త ఉంది. ఆ అరుపు విని చీమలపుట్ట దగ్గర్నుంచి పడుతూ లేస్తూ వచ్చింది. చుక్కని ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తాత కళ్ళు తెరిచాడు. "చుక్కా," అన్నాడు మెల్లగా. "ఏ అలుగుని అడిగావు తల్లీ?"

చుక్క నేలకు అతుక్కుపోయింది. ఇంక దాచడానికి ఏముంది? "నోట్లో ఉన్న అలుగుని అడిగాను తాతా. అత్త దగ్గరికి వెళ్ళలేదు," అని బావురుమంది.

గంగులు తల పట్టుకున్నాడు. అలుగత్త రెక్కల అలుగు వంక చూసింది. "ఆ రెక్కలు విప్పడానికే సగం బలం పోతుందయ్యా. నీదేమో వెదురు విల్లు. మిగిలిన సగం బలంతో ఎముక దాటుతుందా? నా దగ్గరికి తెచ్చి ఉంటే ఒక్క ముక్కలో చెప్పేదాన్ని," అంది. ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపుంది.

"నొప్పిగా ఉంది," అన్నాడు తాత. "త్వరగా కానివ్వండి."

గంగులు అమ్ములపొదిలోంచి గన్నేరాకు అలుగు తీశాడు. అలుగత్త తన వీపు వంచింది. గంగులు ఆ పొలుసు మీద అలుగుని గీరాడు. సన్నటి తెల్ల గీత పడింది. దాన్ని బాణానికి బిగించాడు. చుక్క తాత మొహం దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, ఆయన ముక్కుకి తన ముక్కు ఆనించి పడుకుంది. బాణం వెళ్ళింది. ఈసారి తాత అరవలేదు. పొద్దున్న బండ దగ్గర కావలసింది, సాయంత్రం వెదురుపొదలో అయింది. నడుమ ఒక పగలంతా ఆయన పడిన బాధను ఎవరు వెనక్కి తీసుకోగలరు?

ఆ రాత్రి గూడెంలో పొయ్యి మీది మాంసం ఎవరికీ సయించలేదు.

దుప్పులు అలిగాయి. మరుసటి ఏడాది బండ దగ్గరికి ఎవరూ రాలేదు. మనిషి అలికిడి వింటే చాలు, మందంతా పరుగు తీసేది. ఉప్పుమట్టి పోసినా అలక తీరలేదు. ఇప్పటికీ తీరలేదు. అలుగత్త కూడా అలిగింది. ఎవరైనా దగ్గరికి వస్తే తల కడుపులో దాచుకుని గుండ్రంగా ముడుచుకుపోయేది. ఇక ఎవరితోనూ మాట్లాడలేదు.

చుక్క వాగుడు ఆగిపోయింది. ఏ వస్తువు కనిపించినా ఒకసారి వాసన చూసి ఊరుకునేది కాదు. మళ్ళీ మళ్ళీ చూసేది. రోజూ సాయంత్రం గన్నేరాకు అలుగుని నోట కరుచుకుని చీమలపుట్ట దగ్గరికి వెళ్ళేది. ఎండైనా, వానైనా వెళ్ళేది. ముడుచుకున్న పొలుసుల ముందు దాన్ని పెట్టి, "అత్తా, ఇది మంచిదేనా?" అని అడిగేది. చీకటి పడేదాకా ఎదురుచూసి తిరిగివచ్చేది.

గంగులు గుమ్మంలో కూర్చుని ఉండేవాడు. "అలుగుని అడిగావా?" అనేవాడు.

"అడిగాను గంగన్నా."

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

అవే మాటలు. ఈసారి వాటి అర్థమూ నిజమే. కానీ వినవలసిన కొమ్ములతాత లేడు.

నీతి: మాటలు నిజమైనా ఎదుటివారిని తప్పు దారి పట్టిస్తే అది అబద్ధమే, మనల్ని నమ్మి కళ్ళు మూసుకున్నవాళ్ళే ముందుగా ఆ దెబ్బ తింటారు.