మిరప తేనె, మాంత్రికుడి నాలుక

అనగా అనగా మల్లికాపురాన్ని ఏలే రాజొకడు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఆ ముగ్గురికంటే ముద్దుగా చూసుకునే నాలుక ఒకటి. పులుసు చుక్క నోట్లో వేసుకుని చింతపండు కొత్తదో పాతదో చెప్పేవాడు.

ఆ సంగతి ఏడు సముద్రాల అవతల బిడాలకేతు అనే మాంత్రికుడి చెవిన పడింది. వాడికి పుట్టుకతోనే రుచి తెలీదు. గద్ద రూపంలో వచ్చి, రాజుగారి నాలుక మీది రుచిని కాస్తా ఎగరేసుకుపోయి తన నాలుక మీద పెట్టుకున్నాడు.

అప్పట్నుంచీ రాజుగారికి పరమాన్నమూ ఇసుకా ఒకటే. ముద్ద నోట్లో పెట్టుకోవడం, కంచం పక్కకు నెట్టేయడం. చూస్తుండగానే చిక్కి శల్యమయ్యాడు. ఇలాగైతే వానాకాలం దాటడని వైద్యులు తేల్చేశారు.

పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు విల్లు పట్టుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇక మిగిలింది మూడోవాడు వసంతపాలుడు. ఎప్పుడూ వంటశాలలోనే తిరుగుతాడని అందరూ ఆటపట్టించే పిల్లాడు. వెళ్తానంటే తల్లి ఏడ్చింది. వాడూ ఏడ్చాడు. అయినా వెళ్లాడు.

సముద్రపు ఒడ్డున ఒక తేనెటీగ ఉప్పునీళ్లలో పడి కొట్టుకుంటోంది. వసంతపాలుడు దాన్ని వేలి మీదకు ఎక్కించుకుని రెక్కలు ఆరేదాకా కూర్చున్నాడు. తేనెటీగ తేరుకుని, అతని తోడు ఇక వదలనంది. ఇద్దరూ ఓడ మీద ఓడ మారి ఏడు సముద్రాలూ దాటారు.

మాంత్రికుడి తోటలో అన్నలిద్దరూ రాళ్లయి నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య హేమవల్లి అనే రాజకుమారి చిలకకు జామపండు పెడుతోంది. మాంత్రికుడు ఆమెను ఎత్తుకొచ్చి చిలకను సాకే పనికి పెట్టాడు. వాడి ప్రాణం ఆ చిలకలోనే ఉందట. మీ అన్నలు చిలక మీదికి దూకి రాళ్లయ్యారని చెప్పింది.

"దీన్ని చంపితే వాడితోపాటు మీ నాన్నగారి రుచీ, మీ అన్నలూ బూడిదైపోతారు. అయినా పాపం, ఇదేం చేసింది? ఇది ఏం తిన్నా వాడి నాలుకకు తగులుతుంది, అంతే" అంది.

వసంతపాలుడికి చప్పున ఒకటి తట్టింది. చిలకలకు మిరపకాయ కారం తెలీదు. మాంత్రికుడికి తెలుస్తుందిగా!

పండుమిరపకాయ పెట్టాడు. చిలక హాయిగా తినేసింది. ఇంటి లోపల మాంత్రికుడు ఒకసారి హా అని, కడవెడు మజ్జిగ తాగి ఊరుకున్నాడు. కారం నాలుకను పట్టుకుని ఉండాలంటే తేనె కావాలని తేనెటీగ చెప్పి, తన వాళ్లందరినీ అడిగి జాడీ నింపించింది.

రాచబిడ్డ కదా, శుభ్రం ఎక్కువ. ఎండుమిరపకాయలను చక్కగా కడిగి, తడి తడిగానే తేనెలో వేశాడు. తేనె పులిసి, నురగ పొంగి, జాడీకి కట్టిన వాసెన గుడ్డ ఊడిపోయింది. ఉసూరుమని కూర్చున్నాడు.

"తేనెకు తడి పనికిరాదు నాయనా. పొయ్యీ పనికిరాదు. ఎండ చాలు" అంది తేనెటీగ.

మూడోసారి తొడిమలు తీసి, కాయలు గలగలలాడేదాకా ఎండబెట్టి, తుంచి, తేనెటీగలు మళ్లీ నింపిన తేనెలో వేశాడు. వాసెన కట్టి ఎండలో పెట్టాడు. రోజూ పొడి గరిటెతో కలిపాడు. మాంత్రికుడు తోటలోకి వచ్చే వేళకు హేమవల్లి అతణ్ణీ జాడీనీ గాదెలో దాచేది. తేనె ఎర్రబడ్డాక పల్చటి గుడ్డలో వడగట్టి ఒక చుక్క నాకి చూశాడు. ముందు తీపి, ఆ వెనకే తీరిగ్గా మంట. కళ్లనీళ్లు పెట్టుకుంటూనే నవ్వాడు.

చిలక ఇష్టంగా నాకింది. ఇంకా కావాలంది. మాంత్రికుడు మజ్జిగ తాగాడు, నీళ్లు తాగాడు, మంట వదల్లేదు. నాలుక బయటపెట్టి తోటలోకి పరుగెత్తుకొచ్చాడు.

"నీకు సొంత రుచే లేదు. మండుతున్నది మా నాన్నది. అది ఇచ్చెయ్యి, మంటా పోతుంది. మా అన్నలనూ ఈ అమ్మాయినీ వదిలెయ్యి" అన్నాడు వసంతపాలుడు.

మాంత్రికుడు మంత్రం వెనక్కి తీసుకున్నాడు. అన్నలు కదిలారు. వాడి నాలుక మీంచి రుచి ఒక మెరిసే చుక్కలా జారితే తేనెటీగ అందుకుంది. మంట ఆరిపోయింది. వాడు నేల మీద కూలబడి, "మంటకు ముందు ఎంత తియ్యగా ఉందో" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వసంతపాలుడికి జాలేసింది. హేమవల్లి చిలకను తీసుకెళ్లి వాడి భుజం మీద కూర్చోబెట్టింది.

తర్వాత ఆమెను వసంతపాలుడు పెళ్లాడాడనీ, ఇద్దరూ తలలు నెరిసేదాకా చల్లగా రాజ్యమేలారనీ మీరు ఊహించే ఉంటారు. కానీ పిల్లలూ, అంతకు ముందు, వాళ్లు ఇల్లు చేరిన రోజే పెట్టిన పెళ్లివిందులో జరిగింది వినండి. తేనెటీగ రాజుగారి నాలుక మీద వాలి లేచింది. ఆయన పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పందిట్లో అందరూ మెడలు చాచి చూశారు. ఆయన నమిలాడు, మింగాడు, మొహం చిట్లించాడు.

"పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నాడు.

రాణిగారు ఉప్పు తేవడానికి లేచి, కన్నీళ్లకు దారి కనపడక అక్కడే నిలబడిపోయింది.