కొసలమ్మ తల్లికి వేలికొస నూనె

దువ్వెనగుట్టకు మొదటిసారి వచ్చినవారు గుడిలో అడుగుపెట్టగానే కంగారు పడతారు. అమ్మవారి ముఖం కనబడదు. కొసలమ్మ తల్లి గుమ్మం వైపు వీపు పెట్టి, మోకాళ్లు ముడుచుకుని, తల కాస్త వంచి కూర్చుని ఉంటుంది. రాతి మీద వెంట్రుకల్లాంటి సన్నని గీతలు మెడ మీదుగా నడుము దాకా దిగి ఉంటాయి. తమ వల్ల ఏదో అపచారం జరిగిందనీ, అందుకే తల్లి మొహం తిప్పుకుందనీ అనుకుని బిక్కమొహంతో పూజారమ్మను అడిగేవారే ఎక్కువ. భయపడనక్కరలేదు. ఈ తల్లి అలిగి కూర్చోలేదు. మరి ఎందుకలా కూర్చుందో చెప్పడానికే ఈ చిన్న పుస్తకం.

గుడి చిన్నది. గుట్ట ఎక్కే దారికి రెండు పక్కలా తంగేడు పొదలు ఉంటాయి. గుడి ముందర తాటాకు పందిరి, ఆ పందిరి వాసాలకు వేలాడే చెక్క దువ్వెనలు. గాలి వీస్తే అవి ఒకదానికొకటి తగిలి టకటకమంటాయి. గుమ్మానికి ఎడమ పక్కన మోకాలెత్తు రాయి ఒకటి నల్లగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది. దాన్ని జోగవ్వ రాయి అంటారు. అమ్మవారి కంటే ముందు ఆ రాయికి నూనె రాయాలి. ఈ వరస తప్పకూడదు. ఎందుకు తప్పకూడదో కథలోనే ఉంది కాబట్టి ముందు కథ వినండి.

పూర్వం ఇక్కడ, గుట్ట కింద, గానుగ ఆడించేవారి ఊరు ఉండేది. గానుగను ఈ కాలపు పిల్లలు చూసి ఉండరు. అది పెద్ద రోలు లాంటిది. ఎద్దు దాని చుట్టూ తిరుగుతూ ఉంటే లోపల నువ్వులు నలిగి నూనె దిగుతుంది. నువ్వుల నూనె గానుగలో తీసేవారు. ఆముదం మాత్రం గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలినదాన్ని తేర్చుకునేవారు. ఈ రెండు నూనెల తేడా గుర్తుపెట్టుకోండి, కథకు అవసరం. నువ్వుల నూనె పలచన. వేలికి రాసుకుంటే జారిపోతుంది. ఆముదం చిక్కన. వేలికి రాసుకుంటే పట్టుకుని వదలదు.

ఆ ఊరి వారికి నూనె కొదవ లేదు. అందుచేత ప్రేమ చూపించాలన్నా, మర్యాద చెయ్యాలన్నా నూనెతోనే. పిల్లల తలకు చెంపల మీదికి కారేటట్టు పెట్టేవారు. గానుగ ఇంటి పిల్ల తల పొడిగా కనబడితే ఆ తల్లిని నలుగురూ నవ్వేవారు.

ఆ ఊళ్లో ఓబుళమ్మ అనే ఇల్లాలికి లేకలేక ఒక కూతురు పుట్టింది. పేరు సుంకి. పిల్ల చలాకీగా ఉండేది గానీ జుట్టు మాత్రం చాలా సన్నం, పట్టుపోగు లాంటిది. ఓబుళమ్మ అత్త బాలక్క ఆ జుట్టును చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనకుండా ఉండేది కాదు.

"ఇది జుట్టా, మొక్కజొన్న పీచా? ఇంట్లో కుండల నిండా నూనె పెట్టుకుని పిల్ల తలను ఎండబెడతాండావే!"

"పెడతానే ఉండాను కదత్తా."

"పెట్టడం కాదు, పొయ్యాల."

ఒక వానాకాలం సుంకికి విడవని జ్వరం వచ్చింది. తగ్గేసరికి పిల్ల పుల్లలా అయింది. తల నిమిరితే చాలు, వెంట్రుకలు చేతికి వచ్చేవి. జ్వరం పోయినా అది ఇంకా పిల్లలోనే ఎక్కడో దాక్కుని ఉందేమోనని ఓబుళమ్మ భయం. అందుకని పొద్దునా సాయంత్రం ఆముదం పోసింది. రాలిన కొద్దీ పోసింది. పోసిన కొద్దీ పైనుంచి కిందికి బలంగా దువ్వింది. సన్నజుట్టు అంత బరువు మొయ్యలేదు. చిక్కటి ఆముదానికి చెమటా దుమ్మూ కలిసి, పోగు పోగును పట్టుకుని, కొన్నాళ్లకు జుట్టంతా మెడ వెనక ఒకే ఉండగా గట్టిపడింది. దువ్వెన దిగలేదు. వేలు కూడా దూరలేదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పుకోవడానికి బాధగా ఉంటుంది. అయినా దాచకూడదు. ఆ రోజుల్లో ఆడపిల్ల తల అలా జడలు కడితే, గుట్ట మీది అమ్మవారు ఆ పిల్లను కోరుకుందని అనుకునేవారు. జాతర నాడు పిల్ల మెడలో పసుపుతాడు కట్టి అమ్మవారికి వదిలేసేవారు. ఆ తరువాత ఆ పిల్లకు పెళ్లి ఉండదు, తనదనే ఇల్లు ఉండదు. అమ్మవారి బుట్ట నెత్తిన పెట్టుకుని, అడుక్కుంటూ ఊరూరా తిరగవలసిందే. తల్లి కూడా ఆమెను "నా బిడ్డ" అని పిలవకూడదు. అలా పసితనంలోనే వదిలేసిన ఒకామె ఆ ఊళ్లోనే ముసలిదైంది. అసలు పేరు అందరూ మరచిపోయారు. జోగవ్వ అనేవారు. ఆమె జడలు తాళ్లలా నేలకు తగులుతూ ఉండేవి.

ఓబుళమ్మ కూతురి తలకు గుడ్డ చుట్టి దాచింది. నీళ్లకు వెళ్లినా పిల్లను వెంటే తీసుకెళ్లేది, ఎవరైనా దగ్గరికి వస్తే గుడ్డ సర్దేది. కానీ బాలక్క ఒకరోజు ఆ గుడ్డ తీసి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మాట ఊరిపెద్ద బసప్ప దాకా పోయింది.

బసప్ప చెడ్డవాడు కాదు, భయస్తుడు. అమ్మవారు కోరినదాన్ని ఇవ్వకపోతే ఊరికి మళ్లీ జ్వరాలు వస్తాయని ఆయన భయం. "ఓబుళమ్మా, నీకే కాదు, నాకూ ఆడపిల్లలుండారు. జాతరకు పిల్లను తయారుచెయ్యి. తల్లి అడిగింది, మనం ఇయ్యాల" అన్నాడు.

"తల్లి అడిగిందని నీకెట్ల తెలుసు మామా?"

"పిల్ల తల చెప్తాంది కదా."

ఓబుళమ్మకు ఒకటే ఆలోచన. ఆ ముడి నిజంగా అమ్మవారిదైతే తాను అడ్డుపడవచ్చునా? అడ్డుపడితే పిల్లకు జ్వరం తిరగబెడితే? అడ్డుపడకపోతే పిల్లే ఉండదు కదా? ఎటు ఆలోచించినా దారి మూసుకుపోయినట్టే ఉండేది. జాతర దగ్గర పడింది. గుట్ట కింద డప్పులు మంటకు కాచి, వాయించి చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు వినబడినప్పుడల్లా ఆమె చెయ్యి తనకు తెలియకుండానే సుంకి భుజం మీదికి పోయేది.

ఒక మధ్యాహ్నం గానుగ తోలుతూ తోలుతూ ఆమెకు కునుకు పట్టింది. ఎద్దు ఆగిపోయింది. కలలో ఒక స్త్రీ వచ్చి, ఓబుళమ్మ ముందు వీపు తిప్పి కూర్చుంది. నడుము దాటిన జుట్టు, సుంకి జుట్టు కంటే సన్నం, దుమ్ము కొట్టుకుని చిక్కుపడి ఉంది.

"దువ్వు" అంది ఆమె, తల తిప్పకుండానే.

ఓబుళమ్మ అలవాటు కొద్దీ ఆముదపు కుండ అందుకుంది.

"కుండ వద్దు. నువ్వుల నూనె, వేలికొసకు అంటినంత చాలు. కొసల నుంచి పైకి రా."

"తల్లీ, నా బిడ్డను అడిగినావంట..."

"నేనెవరి బిడ్డనూ అడగలేదు. అందరూ నాకు బిడ్డల్ని తెచ్చి ఇస్తారు గానీ, నా తల దువ్వేవాళ్లు ఒక్కరూ లేరు" అని ఆ స్త్రీ తల ఇంకాస్త వంచింది.

ఎద్దు మెడలో గంట కదిలేసరికి ఓబుళమ్మకు మెలకువ వచ్చింది. ఆమె వేలికొస తడిగా, నువ్వుల వాసనతో ఉంది. గానుగ దగ్గర పని చేసేవారి వేలికి నూనె వాసన ఉండడంలో వింతేముంది అని మీరనవచ్చు. ఓబుళమ్మ కూడా అదే అనుకుని సందేహపడింది. అయినా లేచి ఇంటికి నడిచింది.

అప్పటి నుంచి ఆమె చేసిన పనిని ఇక్కడి తల్లులు ఇప్పటికీ అదే వరసలో చేస్తారు. ముందు పెసరపిండిని గోరువెచ్చని గంజిలో కలిపి, రుద్దకుండా, ముడి మీద అద్ది అద్ది పాత ఆముదాన్ని వదిలించింది. తల ఆరనిచ్చింది. తరువాత వేలికొసకు నువ్వుల నూనె అంటించుకుని, ఆ చుక్కను రెండు వేళ్ల మధ్య వెచ్చబడేదాకా రాసి, ముడి అంచున ఉన్న కొసలకు మాత్రమే పట్టించింది. కుదుళ్ల జోలికి పోలేదు. ఒక్కొక్క పోగునూ కింది నుంచి జారవిడుస్తూ పైకి వచ్చింది. ఒక పోగు విడివడితే మరో పోగు తెగేది. తెగినప్పుడల్లా ఆగి, మళ్లీ కొస నుంచి మొదలుపెట్టేది.

"నొస్తాండాదమ్మా" అని సుంకి ఏడ్చేది.

"నాకూ నొస్తాండాది. కదలగాకు."

బాలక్క గుమ్మంలో నిలబడి, "అమ్మవారి ముడి విప్పుతాండావు, కళ్లు పోతాయి" అని శాపనార్థాలు పెట్టింది. ఆ సాయంత్రం, జ్వరంలో కూడా నవ్వే మనవరాలు గోడ వైపు తిరిగి పడుకోవడం చూసి, వచ్చి దీపం దగ్గరగా జరిపింది. మర్నాటి నుంచి గంజి ఆమే కాచింది. "పొయ్యమన్నది నేనే కదా" అని ఒక్కసారి గొణిగింది, అంతే.

జాతర రోజు వచ్చింది. జుట్టు చాలా మటుకు విడివడింది గానీ మెడ గుంటలో ఉసిరికాయంత ముడి మిగిలిపోయింది. ఎంత చేసినా అది లొంగలేదు. ఓబుళమ్మ వేళ్లు వణకడం మొదలైంది. వణికే వేలితో ముడి ఇంకా బిగుస్తుంది. డప్పులు వీధి మలుపు తిరిగాయి. బసప్ప పసుపుతాడు పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. వెనక జోగవ్వ.

బసప్ప సుంకి తల చూసి తడబడ్డాడు. "ముడి... కొంచెం ఉండాది కదా. కొంచెమున్నా తల్లిదే" అన్నాడు, తనకు తాను చెప్పుకున్నట్టు.

జోగవ్వ ముందుకు వచ్చింది. ఆమె చూపు అప్పటికే మసక. సుంకి తల మీద చెయ్యి వేసి, విడివడిన జుట్టులో వేళ్లు పోనిచ్చింది. వేళ్లు ఎక్కడా ఆగకుండా కొసల దాకా జారాయి. ఆమె మళ్లీ పైనుంచి మొదలుపెట్టింది. మళ్లీ జారాయి.

"ఎట్ల విప్పినావే?"

"నూనెతోనవ్వా."

"కట్టిందెవరు?"

అడిగింది జోగవ్వ. ఆమెకు అబద్ధం చెప్పడానికి ఓబుళమ్మకు మనసు రాలేదు. "నేనేనవ్వా. నూనెతోనే."

డప్పులవాళ్లు వాయించడం ఆపారు. జోగవ్వ ఓబుళమ్మ వేళ్లను తడిమి చూసింది. తరువాత, "నా చెయ్యి వణకదు, నూనె తే" అంది. వేలికొసకు చుక్క అంటించుకుని, సుంకి వెనక కూర్చుని, ఆ చివరి ముడిని తడుముతూ తడుముతూ కొసల నుంచి విప్పింది. బసప్ప పసుపుతాడును అరచేతిలో చుట్టుకుంటూ నిలబడే ఉన్నాడు.

"తీసకపో బసప్పా ఆ తాడును" అంది జోగవ్వ. "తల్లి అడగలేదు. అడిగితే నాకు తెలవదా? ఇన్నేండ్లు ఆమె కాడనే ఉండాను."

బసప్ప తాడును రొండిన దోపుకుని, తలగుడ్డ తీసి, వెనక్కి తిరిగాడు. ఓబుళమ్మ కూతురి పక్కనే కూర్చుంది. అప్పుడు జోగవ్వ జరిగి, ఓబుళమ్మ ముందుకు వచ్చి, వీపు తిప్పి కూర్చుంది.

"నాదీ చూడు."

ఓబుళమ్మ చూసింది. కలలో చూసిన కూర్చోవడం అదే, తల వంచడం అదే. ఏళ్ల తరబడి గట్టిపడిన జడలవి. ఆ పూటంతా కూర్చున్నా ఒక్క కొస మాత్రమే విడివడింది. సన్నని తెల్ల వెంట్రుకలు. జోగవ్వ వాటిని ముందుకు తెచ్చుకుని, వేళ్ల మధ్య పట్టుకుని, "నాదీ సన్నజుట్టే" అంది.

ఆ మాట విన్నాక బాలక్క కొంగుతో మొహం కప్పుకుందట.

అందరూ కలిసి గుట్ట ఎక్కేసరికి, అప్పటిదాకా ఊరి వైపు చూస్తూ ఉండే అమ్మవారి రాయి వీపు తిప్పి ఉంది. అంతకుముందు లేని సన్నని గీతలు దాని మీద కనబడ్డాయి. నాటి నుంచి ఆ తల్లికి కొసలమ్మ అని పేరు వచ్చింది. ఆ గుట్ట మీద మళ్లీ ఏ బిడ్డనూ వదల్లేదు. జోగవ్వ మిగిలిన కాలమంతా గుడి గుమ్మం పక్కనే కూర్చుని, వచ్చిన పిల్లల తలలు విప్పేది. ఆమె కూర్చున్న చోటే ఇప్పుడున్న రాయి. అందుకే మొదటి చుక్క ఆమెకు.

భక్తులు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. అమ్మవారికి సీసాలతో నూనె పొయ్యకండి. తెచ్చినదాన్ని దీపాల తొట్టిలో పోసి, గుమ్మంలో ఉన్న గిన్నెలో ఉంగరపు వేలికొస ముంచుకోండి. జోగవ్వ రాయికి, ఆ తరువాత అమ్మవారి కురుల కొసలకు రాసి, మిగిలిన తడిని మీ బిడ్డ జుట్టు చివర్లకు పట్టించండి. పందిరి కింద బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని కింది నుంచి పైకి దువ్వి, ఆ దువ్వెనను వాసానికి కట్టి వెళ్లండి. జ్వరాలు పడి లేచినవారు, పురిటి తరువాత జుట్టు రాలుతోందని దిగులుపడేవారు ఇక్కడికి ఎక్కువగా వస్తారు. దిగులు చెయ్యిని తొందరపెడుతుంది, తొందర పోగును తెంపుతుంది. కాబట్టి కాసేపు కూర్చుని, చెయ్యి నిమ్మళించాకే మొదలుపెట్టమని పూజారమ్మ చెబుతుంది. ఆమె మాట వినండి. నిదానంగా దువ్విన చేతికీ, ఓపికగా కూర్చున్న తలకూ తల్లి చల్లని చూపు ఉంటుంది.

తల్లి లేనివారు, బిడ్డలు లేనివారు, ఒంటరిగా గుట్ట ఎక్కినవారు ఏం చెయ్యాలని కొందరు అడుగుతారు. పందిరి కింద వీపు తిప్పి కూర్చోండి. అడగనక్కరలేదు. వెనక ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు.