గాలిపేట మూత కుంపటి

అనగనగా, గాలికి అలుపన్నదే తెలియని ఒక సముద్రతీరంలో గాలిపేట అనే పట్నం ఉండేది. అక్కడ అన్నీ తాటాకు ఇళ్లే. సాయంత్రమైతే చాలు, ప్రతి పెరట్లోనూ చేపలు కాల్చుకునే మంటలు లేచేవి. గాలికి నిప్పురవ్వలు ఎగిరి ఏటా ఏదో ఒక వీధి బూడిదయ్యేది.

ఒక వేసవిలో కమ్మరి అప్పలాచారి ఇల్లు కూడా కాలిపోయింది. కొలిమి ఒక్కటే మిగిలింది. అతని భార్య నూకరత్నం ఆ బూడిదలో నిలబడి, "నిప్పుకు మూత పెడితే రవ్వ ఎలా ఎగురుతుంది?" అంది.

ఆ మాటతోనే మూత కుంపటి పుట్టింది. ఆమె కొలిమితిత్తి ఊదితే అతడు సుత్తి దెబ్బ వేశాడు. ఇనుప గుండిగ, దానికి మూడు కాళ్లు, పైన బోర్లించిన మూత. జనం ఎగబడి కొనుక్కున్నారు.

"ఇక మనకు తిరుగులేదు రత్నం!" అని అప్పలాచారి మీసం దువ్వాడు.

నూకరత్నానికి మాత్రం కుదురు చిక్కలేదు. అమ్మిన కుంపటి ఏ పెరట్లో ఏం చేస్తోందోనని ఆమె మనసు వీధి వీధీ తిరిగేది. అన్నం ముందు కూర్చున్నా చెవులు వాకిట్లోనే ఉండేవి.

అనుకున్నట్టే ఒకనాడు చేపల ఎల్లమ్మ కుంపటిని నెత్తిన పెట్టుకుని వచ్చి, దబ్బున వాకిట్లో పడేసింది.

"ఏం కుంపటమ్మా ఇది? చేప కాలలేదు గానీ నిప్పు చచ్చి ఊరుకుంది!"

"ఈవిడకు కాల్చడం రాదు" అని అప్పలాచారి గొణిగాడు.

నూకరత్నం అతణ్ణి ఆగమని, "నేనొచ్చి చూస్తాను అత్తా" అంటూ ఆమె వెంటే వెళ్లింది. చూస్తే నిప్పుకు ఊపిరి అందడం లేదు. వెంటనే మూతకు చిల్లులు పొడిపించి, వాటిని తెరవడానికీ మూయడానికీ ఒక తిరుగుడు రేకు పెట్టించింది.

కొన్నాళ్లకు ఒక ముసలి పడవ సరంగు అరుస్తూ వచ్చాడు. ఇసుకలో కుంపటి కాళ్లు దిగబడి, విందంతా నేలపాలైందట. "ఇసుకలో ఎవడు పెట్టమన్నాడు?" అన్నాడు అప్పలాచారి. "ఊరంతా ఇసుకే కదా!" అంది నూకరత్నం. కాళ్ల కింద వెడల్పాటి రేకులు అతికించారు.

కుంపటి పేరు రాజుగారి చెవిన పడింది. "తీరమంతా ఇంటింటికీ మూత కుంపటి ఇప్పిస్తాం. చేసేవారు మాదిరి కుంపటితో కొలువుకు రావాలి" అని చాటింపు వేయించాడు. రత్నగుప్తుడనే వర్తకుడు అప్పటికే ఆ కుంపటిని చూసి అచ్చం అలాంటిదే చేయించి సిద్ధంగా ఉన్నాడు.

కొలువుకు బయలుదేరే పొద్దున ఒక తల్లి పిల్లను చంకనేసుకుని వచ్చింది. పాప చేతికి గుడ్డ చుట్టి ఉంది.

"మూత పట్టుకుంది, వదినా" అని మాత్రం చెప్పింది. తిట్టలేదు.

నూకరత్నం గుడ్డ విప్పి కాలిన చెయ్యి చూసింది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ చేతి మీద చన్నీళ్లు పోసింది.

"ఇవాళ ఒక్కరోజు నోరు మూసుకుంటే మన బతుకు మారిపోతుంది" అని అప్పలాచారి బతిమాలాడు.

"ఇంటింటికీ ఇచ్చాక ఎన్ని చేతులు కాలుతాయి?" అంది ఆమె.

కొలువులో ఆమె రాజు ముందు చేతులు జోడించింది. "ప్రభూ, మా కుంపటి ఒక పసిదాని చెయ్యి కాల్చింది. బాగుచేసేదాకా దీన్ని అమ్మను."

"నా కుంపటికి ఏ లోపమూ లేదు ప్రభూ!" అన్నాడు రత్నగుప్తుడు. పని అతనికే దక్కింది.

కొలిమి చల్లారింది. కొనేవారు రావడం మానేశారు. అప్పలాచారి అలిగి భార్యతో మాట్లాడలేదు. నూకరత్నం మాత్రం పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ, ఇత్తడి పిడి, తాడు పిడి పెట్టి చూసి, అన్నీ అవతల పారేసి, చివరకు తుమ్మకర్ర పిడి దగ్గర ఆగింది. దానికీ ఇనుముకూ మధ్య వేలెడంత ఎడం పెట్టింది. తన చేతితోనే మళ్లీ మళ్లీ పట్టి చూసుకుంది. ఆమె పిలవకుండానే అప్పలాచారి అలక మాని వచ్చి సుత్తి అందుకున్నాడు.

అక్కడ రాజు ఉద్యానవనంలో రత్నగుప్తుడి కుంపటి మీద వేటమాంసం కాలుస్తూ, ముచ్చటపడి తానే మూత ఎత్తాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. రత్నగుప్తుణ్ణి పిలిపిస్తే అతడు అలవాటు కొద్దీ, "ప్రభువులకు మూత ఎత్తడం చేతకాలేదు" అనేశాడు. ఇన్నాళ్లూ తన దగ్గరకు వచ్చి మొత్తుకున్న ప్రతివారికీ అతడు చెప్పిన మాట అదే!

రాజు అతణ్ణి పంపేసి, "తన సరుకులో తప్పు తానే చెప్పిన ఆ ఇల్లాలిని పిలవండి" అన్నాడు.

నూకరత్నం కొత్త కుంపటితో వచ్చింది. కాలిన చేత్తోనే రాజు మూత ఎత్తి చూశాడు. వేడి తగలలేదు.

"ఇందులో ఇక లోపం లేదు కదా?"

"ఉండే ఉంటుంది ప్రభూ. వాడినవాళ్లు చెబితే తెలుస్తుంది."

రాజు నవ్వి తీరమంతటి పనీ ఆమెకే అప్పగించాడు. ఆ కొలిమి పెరిగి పెద్ద కార్ఖానా అయింది. గాలిపేటలో మళ్లీ వీధులు తగలబడలేదు. నూకరత్నం మాత్రం ముసలితనంలోనూ ఒకచోట కూర్చోలేదు. పొగ కనిపించిన ప్రతి పెరట్లోకీ తొంగిచూసి, "ఏమైనా ఇబ్బందిగా ఉందా అమ్మా?" అని అడుగుతూనే ఉండేది.

కాబట్టి పిల్లలూ, తన పనిలో తప్పు చూపినవారి మాట ఓపికగా విని దిద్దుకునేవారే పదికాలాలపాటు నిలుస్తారు.