మడ అడవిలో నక్క పెట్టిన హద్దు

గోదారి సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి ఉంది. అక్కడ నీళ్ళు రోజుకి రెండుసార్లు వస్తాయి, రెండుసార్లు పోతాయి. వస్తే పోటు, పోతే పాటు. ఈ సంగతి అక్కడి పీతపిల్లలక్కూడా తెలుసు. చెరుకుతోటల్లోంచి కొత్తగా దిగిన నక్కకి మాత్రం తెలీదు.

అది పొద్దున్నే పాటులో వచ్చింది. ఎటు చూసినా బురద, బురదనిండా బొరియలు, బొరియల్లో పీతలు. ఆగలేక ఒక బొరియ తవ్వేసింది. మూడు పీతలు దాని ముక్కు పట్టుకుని వేలాడాయి.

"అమ్మోయ్! వదలండే!"

"నువ్వు తవ్వడం ఆపు, మేం వదుల్తాం" అంది ముసలి పీత మంగాయమ్మ. "ఇది వేట కూడని అడవి నాయనా. గట్టుమీద బోర్డు చూళ్ళేదా?"

"బోర్డులు చదువుకున్నోళ్ళకి, అత్తా. నేను బడి మొహమే చూళ్ళేదు" అని ముక్కు నాక్కుంది నక్క. "ఈ గొడవంతా ఎందుకు, పంచేసుకుందాం. నీళ్ళున్న చోటు మీది. నీళ్ళు లేని చోటు నాది. నా చోట్లో ఉన్న బొరియలూ, వాటిల్లో పిల్లా జెల్లా అన్నీ నావే."

పీతలన్నీ గొల్లుమన్నాయి. నీళ్ళేమో ఎక్కడో దూరంగా సన్నగా మెరుస్తున్నాయి. ఇళ్ళన్నీ ఇవతలే!

మంగాయమ్మ మాత్రం కళ్ళు రెండూ పైకి లేపి ఆ మెరుపువైపు చూసింది.

"సరే అల్లుడూ. ఎప్పుడైనా సరే, నీళ్ళున్న చోటు మాదేగా?"

"ముమ్మాటికీ!"

"నీటికుక్క బాబాయ్, విన్నావుగా?"

"విన్నా, విన్నా" అంది గట్టుమీద కూచుని చేప నములుతున్న నీటికుక్క.

"మరి మధ్యాహ్నందాకా ఆగు అల్లుడూ. ఇల్లు ఖాళీ చెయ్యడమంటే మాటలా?"

"సర్దుకోండి, సర్దుకోండి" అని నక్క నడిబురదలో కాళ్ళు చాపుకుని గుర్రుపెట్టింది.

మెలకువ వచ్చేసరికి బొడ్డుదాకా నీళ్ళు.

"ఎవరే నామీద నీళ్ళు పోసింది?"

"మా చోట్లో పడుకుని మమ్మల్నే అడుగుతావేంటి? లే, లే!" అంది మంగాయమ్మ, పక్కనుంచి ఈదుకుంటూ.

నక్క నాలుగడుగులు వెనక్కేసింది. నీళ్ళు ఐదడుగులు ముందుకొచ్చాయి. నక్క పరిగెత్తింది. నీళ్ళూ పరిగెత్తాయి! చుట్టూ నిండిపోయాయి. ఎగిరి ఒక మడచెట్టు కొమ్మెక్కింది. తోక మాత్రం కిందికి జారి నీళ్ళలో పడింది. పీతపిల్లలు దాన్ని పట్టుకుని ఉయ్యాలూగడం మొదలెట్టాయి.

"బాబాయ్, తోక నీళ్ళలో ఉంది. మరి తోకెవరిది?" అంది మంగాయమ్మ.

"ఒప్పందం ప్రకారం మీదేనమ్మా!"

"అత్తా, నీకు దణ్ణం పెడతా! దారివ్వు, గట్టుకెళ్ళిపోతా!"

"దారంతా మాదే కదా అల్లుడూ, ఊరికే ఎలా ఇస్తాం? నీళ్ళు ఒక్కసారి తడిపిన చోటు ఎప్పటికీ మాదే అను."

"మీదే!"

"వినపడలా."

"మీదే! మీదే! మీదే!"

ఆ కేకకి కొంగలన్నీ లేచిపోయాయి. పిల్లలు తోక వదిలాయి. నక్క పడుతూ లేస్తూ ఈది గట్టెక్కింది.

సాయంత్రానికి నీళ్ళు మళ్ళీ వెనక్కెళ్ళాయి. అవే బొరియలు, వాటి గుమ్మాల్లో పీతలు చిందులేస్తున్నాయి. నక్క ఒక కాలు మెల్లిగా బురదలో పెట్టింది.

"నీళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తాయి బాబాయ్?"

"ఏమో, వాటిష్టం" అంది నీటికుక్క, నవ్వాపుకుంటూ.

నక్క కాలు తీసేసింది. వెనక్కి చూడకుండా చెరుకుతోటలకి పోయింది.

ఒక్క పూట చూసి చోటంతా తెలుసనుకుని హద్దులు పెట్టేవాడికి, చివరికి నిలబడ్డానిక్కూడా చోటుండదు.