పద్యాల బాకీ

పూర్వం విరజాపురంలో సోమావధాని అని ఒక కవిత్వపు పంతులు ఉండేవాడు. "పద్యం ఒక వరహా. డబ్బు తరవాత ఇవ్వండి. నేర్చినవాడి ఇంట ధనం కురుస్తుంది" అనేవాడు. మజ్జిగ అమ్ముకునే గవరమ్మ అది నమ్మి కొడుకు పైడయ్యను చేర్పించింది. వాడు మూడొందల పద్యాలు నేర్చుకొచ్చాడు. ఊళ్లో చదివితే జనం మెచ్చుకుని మజ్జిగ పోసేవారు. ఆ మజ్జిగ గవరమ్మ అమ్మిందే.

ఒక పొద్దున అవధాని వచ్చి గవరమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. అలా కూర్చుంటే బాకీ చెల్లేదాకా లేవకూడదు, తినకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు.

"మూడొందల వరహాలు ఇస్తావా, గేదెను తోలుకుపోనా?"

ఉన్నది ఒకటే గేదె. అది పోతే పొయ్యి వెలగదు.

"పద్యం వరహా అన్నది మీరే కదా, బాబూ! పద్యాలే పుచ్చుకోండి. ఒరే పైడీ, బాకీ తీర్చరా!"

పైడయ్య తన పద్యాల్లోని నాయిక కాలిగోటి నుంచి వర్ణన ఎత్తుకున్నాడు. మధ్యాహ్నానికి మోకాలిదాకా వచ్చాడు. పొద్దు వాలినా ఇంకా నడుము దగ్గరే ఉన్నాడు. అవధానికి ఆకలితో కళ్లు తిరిగాయి.

"ఆపరా! ఇవన్నీ నా దగ్గర ఉన్నవేగా!"

"వరహాలూ ఉన్నాయిగా, బాబూ. అయినా ఇంకా కావాలన్నారు," అంది గవరమ్మ.

"పద్యాలు నేనేం చేసుకోనే? ఇవి అన్నం పెడతాయా?" అని అరిచాడు అవధాని.

"ఆ ముక్క పిల్లాణ్ణి చేర్చుకున్ననాడు చెప్పాల్సింది," అంది గవరమ్మ.

చుట్టూ చేరిన ఊరంతా విన్నది. బాకీ చెల్లిందని ఒప్పుకుని అవధాని ఇంటికి పరుగెత్తాడు. వర్ణన నడుము దగ్గర ఆపడం మనసొప్పక, పైడయ్య మిగతాది పాడుతూ ఆయన వెంటే పడ్డాడు.